ఆసుపత్రిలో ఆఖరి ఘడియలు: పక్కన ఉండేవాళ్లకు తెలియాల్సినవి

ఐసీయూ తలుపు సగం తెరుచుకుంటుంది. సిస్టర్ బయటకు తొంగిచూసి ‘‘పదకొండో బెడ్ తాలూకు ఎవరండీ?’’ అని పిలుస్తుంది. వరండాలో చాప మీద కునుకు తీస్తున్నవాళ్లు లేచి పరుగెత్తేసరికి లోపల అంతా అయిపోయి ఉంటుంది. మన ఆసుపత్రుల్లో చాలామంది తమవాళ్ల చివరి ఊపిరికి తలుపు ఇవతలే ఉండిపోతున్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి మనసును తొలిచే మాట ఒకటే: ‘‘దగ్గర ఉండలేకపోయాం.’’

దగ్గర ఉండగలగడంలో అదృష్టం పాలు కొంత ఉంది, కాదనలేం. కానీ ఎక్కువ భాగం ముందు రోజు మనం ఏం అడిగాం, ఏ కాగితం మీద సంతకం పెట్టాం, డాక్టర్ అన్న మాటను ఎలా అర్థం చేసుకున్నాం అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆ సంగతులు ఆ రాత్రి నేర్చుకునేవి కావు.

డాక్టర్ ఏమంటున్నారు, ఏం చెబుతున్నారు

‘‘24 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం’’, ‘‘మా ప్రయత్నం మేం చేస్తున్నాం’’, ‘‘మందులకు రెస్పాన్స్ తక్కువగా ఉంది’’ అనే మాటలు రోజూ వినబడతాయి. ఇంటివాళ్లకు వీటిలో ఆశ వినిపిస్తుంది. చెప్పిన డాక్టర్ మాత్రం చాలాసార్లు చెడు కబురే చెప్పాననుకుంటారు. ‘‘దగ్గరివాళ్లెవరైనా ఉంటే పిలిపించుకోండి’’ అన్నారంటే ఇక సందేహం పెట్టుకోనక్కర్లేదు. అది గంటల లెక్క, మహా అయితే ఒకటి రెండు రోజులు. దూరాన ఉన్న పిల్లలకు ఫోన్ చేయాల్సింది అప్పుడే. ఇంకాస్త చూసి చెబుదాంలే అనుకుంటే బస్సు దొరికే సమయం కూడా మిగలదు.

మాట తేలకపోతే సూటిగా అడగండి. ‘‘ఎలా ఉంది?’’ అని అడిగితే ‘‘సీరియస్‌గానే ఉంది’’ అనే జవాబే వస్తుంది. ‘‘ఈయన మళ్లీ లేచి ఇంటికొచ్చే అవకాశం ఉందా? ఈ రెండు మూడు రోజుల్లో పోతే మీకు ఆశ్చర్యంగా ఉంటుందా?’’ అని అడిగితే ఎదుటివాళ్లకు దాటవేయడం కష్టం. దాంతోపాటు మూడు లెక్కలు అడగండి. బీపీ నిలబెట్టడానికి ఎన్ని మందులు నడుస్తున్నాయి, నిన్నటికీ ఇవాళ్టికీ డోసు పెరిగిందా తగ్గిందా? వెంటిలేటర్ మీద ఆక్సిజన్ ఎంత శాతం పెట్టారు? యూరిన్ గంటకు ఎంత వస్తోంది? మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. వెంటిలేటర్ మీద 40 శాతంతో నడుస్తున్న మనిషికీ 100 శాతం పెట్టినా ఆక్సిజన్ అందని మనిషికీ చాలా తేడా ఉంది. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం రావాలి. అది ఆగిపోయి, బీపీ మందులు రెండు మూడు అయి, డోసు పూటపూటకూ పెరుగుతోందంటే ఒంట్లో అవయవాలు ఒక్కొక్కటిగా చేతులెత్తేస్తున్నాయని అర్థం. ఇవి తెలిస్తే ‘‘సీరియస్’’ అన్న మాటకు ఒక ఆకారం వస్తుంది.

ఇంటి తరఫున డాక్టర్‌తో ఒక్కరే మాట్లాడటం మంచిది. పొద్దున పెద్దకొడుకు, మధ్యాహ్నం అల్లుడు, సాయంత్రం ఊరినుంచి వచ్చిన బాబాయి వేర్వేరు డ్యూటీ డాక్టర్లను అడిగితే మూడు రకాల జవాబులు వస్తాయి. ఆ మూడింటి మధ్య ఇంట్లోనే గొడవ మొదలవుతుంది.

సీపీఆర్, వెంటిలేటర్, సంతకాలు

గుండె ఆగిన క్షణంలో ఆసుపత్రి తనంతట తాను చేసే పని సీపీఆర్. వద్దని ముందుగా రాసి ఉంటే తప్ప అది మొదలైపోతుంది. ఛాతీ ఎముక మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5-6 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతారు. పెద్దవాళ్లకు పక్కటెముకలు విరగడం మామూలే. ఆ సమయంలో ఇంటివాళ్లను బయటికి పంపేస్తారు. అంటే సీపీఆర్ చేయమన్న ప్రతిచోటా ఆఖరి నిమిషాల్లో మనిషి చుట్టూ ఉండేది స్టాఫే, మనం కాదు. కొత్తగా వచ్చిన గుండెపోటుకో, కరెంట్ షాక్‌కో సీపీఆర్ ప్రాణం నిలబెడుతుంది, అక్కడ వెనకాడకూడదు. ముదిరిన క్యాన్సర్‌లో, అవయవాలన్నీ దెబ్బతిన్న 85 ఏళ్ల వయసులో అది చావును ఆపదు, చావు తీరును మాత్రం మారుస్తుంది. ఈ తేడాను ఇంట్లో అందరూ కూర్చుని ముందే మాట్లాడుకోవాలి.

సీపీఆర్ వద్దనుకోవడాన్ని ఆసుపత్రుల్లో డీఎన్ఆర్ అంటారు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. డీఎన్ఆర్ సంతకం పెడితే వైద్యం మానేస్తారని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. గుండె ఆగినప్పుడు నొక్కరు, అంతే. యాంటీబయాటిక్, నొప్పి మందు, ఆక్సిజన్, శుభ్రం చేయడం అన్నీ కొనసాగాలి. కొనసాగుతున్నాయో లేదో అడిగే హక్కు మనకుంది.

అప్పటికే పెట్టిన వెంటిలేటర్‌ను తీయడం వేరే సంగతి. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో గౌరవంగా మరణించే హక్కును గుర్తించింది. ఆ తీర్పులోని పద్ధతి ఆచరణలో నడవనంత చిక్కుగా ఉండటంతో 2023 జనవరి 24న సులువు చేసింది. ఇప్పుడు ఆసుపత్రి రెండు బోర్డులు వేయాలి. మొదటి బోర్డులో వైద్యం చేస్తున్న డాక్టర్, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు ఉంటారు. రెండో బోర్డులో జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించిన ఒక డాక్టర్, మరో ఇద్దరు నిపుణులు ఉంటారు. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. దగ్గరి బంధువుల సమ్మతి కావాలి. వైద్యం ఆపే ముందు ఆ నిర్ణయాన్ని ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. మనిషి స్పృహలో ఉన్నప్పుడే ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ ఆఫీసర్ చేతగానీ ధ్రువీకరించిన లివింగ్ విల్ (కోలుకోలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో చెప్పే పత్రం) ఉంటే బోర్డుల పని తేలికవుతుంది.

కాగితం మీద ఇదంతా ఉన్నా చాలా ఆసుపత్రులు ఈ దారి పట్టవు. ‘‘ఇంటికి తీసుకెళ్లండి’’ అంటాయి. డాక్టర్ సలహాకు వ్యతిరేకంగా మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నామని రాయించుకుంటాయి. ఆసుపత్రి భాషలో అది లామా. ఇంట్లో, తన మంచం మీద, అందరి మధ్య పోవాలన్నది మనవాళ్లలో ఎంతోమంది కోరిక కాబట్టి చాలా కుటుంబాలు సంతోషంగానే ఒప్పుకుంటాయి. తప్పు జరిగేది ఏర్పాట్లలో. దారికి సరిపడా ఆక్సిజన్ లేకపోవడం మొదటి తప్పు. అంబులెన్సుల్లో వాడే బి-టైప్ సిలిండర్‌లో దాదాపు 1,500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున అది రెండున్నర గంటలే. హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం దాకా ఒక్క సిలిండర్‌తో బయల్దేరితే సూర్యాపేట దాటి కాసేపటికే చిక్కు వస్తుంది. నొప్పికీ ఆయాసానికీ మందు రాయించుకోకుండా రావడం రెండో తప్పు. నోట్లో ట్యూబ్, మూత్రం గొట్టం, సెలైన్ సూది అలాగే ఉంచి పంపుతున్నారా, ఇంటికెళ్లాక ట్యూబ్ ఎవరు తీస్తారు అని అడగకపోవడం మూడోది. ఇక నాలుగోది నెల రోజుల తర్వాత బయటపడుతుంది. ఇంట్లోనో దారిలోనో పోయిన మనిషికి మరణ కారణ ధ్రువపత్రం ఆసుపత్రి ఇవ్వదు. చివరి జబ్బుకు వైద్యం చేసిన డాక్టర్ ఎవరైనా ఫారం 4ఏ ఇవ్వాలి. అందుకే లామా మీద వచ్చినా సరే, జబ్బు పేరు, పరిస్థితి విషమంగా ఉందన్న మాట స్పష్టంగా రాసిన సమ్మరీ చేతికొచ్చాకే బండి కదలాలి.

ఇంటికీ ఐసీయూకీ మధ్య ఇంకో దారి ఉంది, అది మనవాళ్లకు తెలియదు. నొప్పి, ఆయాసం తగ్గించడమే పనిగా ఉండే పాలియేటివ్ కేర్ అది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది, చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే స్పర్శ్ హాస్పిస్ ఉంది. మార్ఫిన్ అంటే చాలామంది జంకుతారు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక ఆసుపత్రులు దాన్ని ఉంచుకోవడం సులువైంది. డాక్టర్ లెక్క ప్రకారం చిన్న మోతాదులో ఇస్తే అది నొప్పినే కాదు, ఊపిరాడని బాధను కూడా తగ్గిస్తుంది. మనిషిని చంపే మందు కాదు. అదే ఆసుపత్రిలో ఉండదలిస్తే ‘‘ఐసీయూ నుంచి పక్కగదికి మార్చండి, బాధ లేకుండా చూడండి, మేం దగ్గర ఉంటాం’’ అని అడగవచ్చు. అడిగితే ఒప్పుకునే ఆసుపత్రులు మనం అనుకునేదానికన్నా ఎక్కువ.

ఐసీయూలోనే ఉండాల్సి వస్తే డ్యూటీ డాక్టర్‌ను, అక్కడ కుదరకపోతే మెడికల్ సూపరింటెండెంట్‌ను కలిసి విజిటింగ్ టైమ్ సడలించమని అడగండి. ఒకరి తర్వాత ఒకరు, గొడవ లేకుండా, చేతులు కడుక్కుని వస్తామంటే చాలాచోట్ల ఇద్దరిని ఉండనిస్తారు. కేస్ షీట్ మీద కనీసం మూడు ఫోన్ నంబర్లు రాయించండి. అడ్మిట్ చేసిన రోజు రాసిన ఒక్క నంబరు రాత్రి రెండింటికి చార్జింగ్ లేక స్విచ్చాఫ్ అవుతుంది. పక్కన ఉండలేకపోయిన వాళ్లలో కొందరి కథ అంత చిన్న కారణంతో ముగిసింది. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న బిడ్డ కోసం వీడియో కాల్‌కు అనుమతి ముందే తీసుకోండి. తెర చూపించడం కన్నా ఫోన్‌ను చెవి దగ్గర పెట్టడం ముఖ్యం.

ఒంట్లో కనబడే మార్పులు

చావు దగ్గరపడే తీరు ఎక్కువమందిలో ఒకేలా ఉంటుంది. ముందు తిండి పోతుంది, తర్వాత నీళ్లు. రోజులో ఎక్కువ భాగం మగతే. చేతులు దుప్పటిని పీకుతుంటాయి. ఎప్పుడో పోయిన అమ్మతోనో అన్నతోనో మాట్లాడుతున్నట్టు పెదవులు కదులుతాయి. అది మెదడుకు రక్తం, ఆక్సిజన్ తగ్గడం వల్ల, ఒంట్లో విషపదార్థాలు పేరుకోవడం వల్ల వచ్చే కలవరింత. మందలించకుండా చేయి పట్టుకుంటే చాలు. కొందరు ఉన్నట్టుండి తేరుకుని ఇడ్లీ అడుగుతారు, పేరుపెట్టి పిలుస్తారు. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అని మన పెద్దలు అన్నది దీన్నే. గండం గడిచిందనుకుని సరిగ్గా ఆ రోజే సగం మంది ఇంటికెళ్లిపోతారు. ఆఖరి స్థితి అని డాక్టర్ చెప్పిన మనిషి ఇలా ఒక్కసారిగా తేరుకుంటే వెళ్లకండి. మాట్లాడుకోవడానికి దొరికిన సమయం అదే కావచ్చు.

ఆఖరి గంటల్లో పాదాలు, చేతివేళ్లు చల్లబడతాయి. మోకాళ్ల మీద, అరికాళ్ల మీద ఊదారంగు మచ్చలు వల అల్లినట్టు కనబడతాయి. ఊపిరి నాలుగైదుసార్లు లోతుగా తీసి, 20-30 సెకన్లు పూర్తిగా ఆగి, మళ్లీ మొదలవుతుంది. గొంతులో గురగుర వస్తుంది. మింగలేని లాలాజలం అక్కడ నిలిచిపోవడం వల్ల వచ్చే చప్పుడది. మనకు వినడానికి భయంకరంగా ఉంటుంది గానీ అప్పటికి ఆ మనిషికి తెలిసే స్థితి ఉండదు. మాటిమాటికీ ట్యూబ్ పెట్టి దాన్ని యంత్రంతో పీల్చేయమని (సక్షన్ చేయమని) పట్టుబడితే లోపల పుండ్లు పడతాయి. పక్కకు తిప్పి, తల కొంచెం ఎత్తు పెడితే చప్పుడు తగ్గుతుంది. అవసరమైతే లాలాజలం తగ్గించే ఇంజెక్షన్ ఉంది. ఇక దవడ ఒక్కటే కదులుతూ, చేప నోరు తెరిచి మూసినట్టు ఊపిరి తీయడం మొదలైతే దాన్నే మనవాళ్లు ఎగశ్వాస అంటారు. అప్పుడు టీ తాగడానికి కూడా బయటికి వెళ్లకండి.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. నోట్లో తులసి తీర్థం పోయాలి, గంగాజలం పోయాలి, జంజం నీళ్లు పోయాలి అన్నది ప్రతి ఇంట్లో ఉన్న తపన. ఆ తపనను తీర్చుకోవాల్సిందే. కానీ మింగడం పోయిన మనిషి నోట్లో చెంచా నీళ్లు పోస్తే అవి కడుపులోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. దగ్గే శక్తి కూడా లేక ఉక్కిరిబిక్కిరవుతారు. ఇలా చేయండి. చిన్న గాజుగుడ్డనో దూదినో తీర్థంలో ముంచి, చుక్క కారకుండా బాగా పిండి, ముందు పెదవులు తడపండి. తర్వాత చూపుడువేలికి ఆ గుడ్డ చుట్టి బుగ్గల లోపలి వైపు, చిగుళ్ల మీద, నాలుక ముందు భాగం మీద మెల్లగా రాయండి. ఎండిన నాలుక మీద తెల్లగా కట్టిన పొర నాలుగైదుసార్లకు మెత్తబడి వస్తుంది. చివర్లో పెదవులకు కొంచెం వెన్నగానీ వాజలిన్‌గానీ రాయండి. ఆక్సిజన్ మాస్క్ ఉన్నప్పుడు నూనె, వాజలిన్ వద్దు, తడిగుడ్డ చాలు. అరగంటకో గంటకో ఒకసారి చేస్తే మనిషికి హాయి, మన మనసుకూ తీర్థం ఇచ్చామన్న తృప్తి. చివరి రోజుల్లో ఆకలి, దాహం సహజంగా తగ్గిపోతాయి. ‘‘సెలైన్ అయినా ఎక్కించండి’’ అని పట్టుబడితే ఆ నీరు ఒంటికి పట్టక కాళ్లవాపుగా, గొంతులో గురగురగా, ఊపిరితిత్తుల్లో నెమ్ముగా మారుతుంది.

వినికిడి చాలాసేపు ఉంటుంది. 2020లో కెనడా పరిశోధకులు హాస్పిస్‌లో స్పృహ తప్పిన కొందరి మెదడు తరంగాలను కొలిచినప్పుడు శబ్దాలకు స్పందన కనిపించింది. కాబట్టి మంచం పక్కన బిల్లు గురించో, పొలం పంపకాల గురించో మాట్లాడకండి. పేరు పెట్టి, బంధుత్వంతో పిలవండి. ‘‘నాన్నా, చిన్నోడు వచ్చాడు’’ అని చెప్పండి. విష్ణు సహస్రనామమైనా, కీర్తన అయినా, కలిమా అయినా తక్కువ స్వరంతో చెవి దగ్గర చదవవచ్చు. పక్క బెడ్‌వాళ్లకు ఇబ్బంది లేకుండా చదువుతామంటే సిస్టర్లు కాదనరు.

ఇంత చూసుకున్నా కొందరు సరిగ్గా మనం బాత్రూమ్‌కి వెళ్లిన ఐదు నిమిషాల్లో పోతారు. అది మన తప్పు కాదు. దగ్గర ఉండటమంటే ఆ రోజంతా ఉన్నది, ఆ పెదవులు తడిపినది.

పోయారని ఎలా చెబుతారు

మరణం ప్రకటించే ముందు డాక్టర్ మెడ దగ్గర నాడి చూస్తారు, స్టెతస్కోప్‌తో గుండె చప్పుడు, ఊపిరి చప్పుడు వింటారు, టార్చి వేసి కనుపాపలు చూస్తారు, ఈసీజీ తీస్తారు. ఈసీజీలో గీత చదునుగా వచ్చిన కాగితం ముక్క కేస్ షీట్‌కు అంటిస్తారు. సర్టిఫికెట్ మీద వేసే సమయం ఈ పరీక్ష ముగిసిన సమయమే. ఊపిరి ఆగడం మనం చూసిన సమయానికీ దానికీ కొన్ని నిమిషాలు, సీపీఆర్ చేస్తే అరగంట కూడా తేడా ఉండవచ్చు. తిథి, నక్షత్రం చూసుకునేవాళ్లు రెండూ రాసిపెట్టుకోవాలి.

‘‘పోయిన మనిషిని వెంటిలేటర్ మీద పెట్టి బిల్లు వేశారు’’ అన్న అనుమానం మన దగ్గర చాలా గట్టిది. ఈ అనుమానం ఎక్కడ పుడుతుందో చూద్దాం. వెంటిలేటర్ గాలి తోసే యంత్రం. గుండె ఆగినా, మిషన్ ఆపేదాకా ఛాతీ లేచి పడుతూనే ఉంటుంది. చూసినవాళ్లకు ఊపిరి ఉన్నట్టే. గుండె కండరం ముడుచుకోవడం ఆగిపోయి నాడి లేకున్నా కొద్దిసేపు మానిటర్ మీద విద్యుత్ గీతలు కదలవచ్చు. గుండె లయ తప్పకుండా ఛాతీలో అమర్చే పేస్‌మేకర్ ఉంటే దాని ముల్లు గీతలు వస్తూనే ఉంటాయి. ఒళ్లు కూడా వెంటనే చల్లబడదు, గంటకు సుమారు ఒక డిగ్రీ లెక్కన తగ్గుతుంది. రెండు మూడు గంటల తర్వాత కూడా దుప్పటి కింద పొట్ట వెచ్చగానే తగులుతుంది. పక్కకు తిప్పినప్పుడు ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలి బయటికొచ్చి మూలిగినట్టు చప్పుడవుతుంది. వీటిలో ఏదీ ప్రాణం ఉన్న గుర్తు కాదు.

అటువైపు నుంచి కూడా చూడాలి. నిజంగా గుండె ఆగిన దేహాన్ని రోజంతా దాచడం అసాధ్యం. రెండు నుంచి నాలుగు గంటల్లో కనురెప్పలు, దవడ బిగుసుకుంటాయి, 12 గంటలకు ఒళ్లంతా కొయ్యబారుతుంది, వీపు కింద రక్తం దిగి ఎర్రగా, తర్వాత నీలంగా అవుతుంది. అనుమానం ఉంటే గొడవకు దిగే ముందు లోపలికి వెళ్లి చూస్తామని అడగండి, ఈసీజీ కాగితం మీద పేరు, తేదీ, సమయం చూపించమనండి. అడిగినవాళ్లకు చూపించడం ఆసుపత్రి బాధ్యత. బ్రెయిన్ డెత్ అయితే పరిస్థితి వేరు. అక్కడ గుండె నిజంగానే కొట్టుకుంటుంది, మెదడు మాత్రం తిరిగిరాదు. అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి దాన్ని ధ్రువీకరిస్తుంది. అవయవదానం అడిగేది అప్పుడే. రెండు రాష్ట్రాల్లోనూ జీవన్‌దాన్ పేరుతో ఆ ఏర్పాటు ఉంది.

కళ్లు ఇవ్వాలనుకుంటే సమయం ఆరు గంటలే. మామూలు మరణమైనా ఇవ్వవచ్చు, అద్దాలున్నా శుక్లాల ఆపరేషన్ అయినా అడ్డు కాదు. బ్రతికుండగా రాసివ్వకపోయినా దగ్గరి బంధువు సమ్మతి చాలు. ఐ బ్యాంక్ వాళ్లు వచ్చేలోపు రెప్పలు మూసి మీద తడి దూది పెట్టాలి, తల కింద దిండు వేయాలి, ఫ్యాను ఆపాలి. ఫ్యాను గాలికి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ఎండిపోతుంది.

ఆ తర్వాతి గంట

దవడ బిగుసుకోకముందే చేయాల్సిన పనులున్నాయి. రెప్పల మీద వేళ్లు పెట్టి అరనిమిషం మెల్లగా అదిమి ఉంచితే కళ్లు మూసుకుంటాయి. పెట్టుడుపళ్లు ఉంటే అప్పుడే పెట్టాలి, తర్వాత నోరు తెరుచుకోదు, బుగ్గలు లోపలికి పోయి ముఖం మారిపోతుంది. గడ్డం కింద చుట్టిన తువ్వాలు పెట్టాలి. తల కింద దిండు ఉంచితే ముఖం నల్లబడదు. చేతులు, కాళ్లు చాపి, బొటనవేళ్లు కలిపి కడతారు. ఇంట్లో పెద్దలు చేసేదీ వార్డులో సిస్టర్ గాజుగుడ్డతో చేసేదీ ఒకటే పని. ఒంటి మీది బంగారం లెక్క చూసి, సంతకం పెట్టి తీసుకోండి. వాచిన వేలి నుంచి ఉంగరం రాకపోతే సబ్బునీళ్లు వాడాలి, లాగకూడదు. పేస్‌మేకర్ ఉందని తప్పక చెప్పండి. దహనంలో దాని బ్యాటరీ పేలుతుంది, అందుకే ముందే తీయించాలి.

ఇదంతా మామూలు మరణానికే. రోడ్డు ప్రమాదం, పురుగుమందు, కాలిన గాయాలు, పాముకాటు, కరెంట్ షాక్, పైనుంచి పడటం, పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ అనుమానాస్పద మరణం లాంటివి మెడికో లీగల్ కేసులు (ఎంఎల్‌సీ), అంటే పోలీసులకు తెలియజేయాల్సినవి. ఆసుపత్రికి తెచ్చేసరికే పోయి, కారణం తెలియనివి కూడా చాలావరకు ఇందులోకే వస్తాయి. ప్రమాదం జరిగి 20 రోజులు ఐసీయూలో ఉండి పోయినా అది ఎంఎల్‌సీనే. అప్పుడు గొట్టాలు, సూదులు పీకించవద్దు, ఒళ్లు కడగవద్దు, పోస్టుమార్టం దాకా అలాగే ఉండాలి. ఆసుపత్రి పోలీసులకు కబురు పంపుతుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద శవ పంచనామా చేస్తారు, కొత్త పెళ్లికూతుళ్ల కేసుల్లో తహసీల్దార్ చేస్తారు. ఆలస్యమంతా ఇక్కడే. ప్రమాదం జరిగిన ఊరి స్టేషన్ పోలీసులు ఎఫ్ఐఆర్ పట్టుకుని నగరానికి రావాలి. మనిషి ఇంకా ఐసీయూలో ఉండగానే ఫిర్యాదు ఇచ్చి, ఎఫ్ఐఆర్ నంబరు, ఎస్సై ఫోన్ నంబరు దగ్గర పెట్టుకున్నవాళ్లకు ఇందులో సగం రోజు కలిసొస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2021 నవంబరులో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టానికి అనుమతిచ్చింది. కానీ సౌకర్యాలున్న ఆసుపత్రుల్లోనే చేస్తారు, హత్య, ఆత్మహత్య లాంటి అనుమానం ఉన్నవాటికి మామూలుగా వర్తించదు. ‘‘పోయినవాళ్లను కోయడం దేనికి, పోలీసులకు చెప్పి ఆపేద్దాం’’ అనేవాళ్లు ఉంటారు. ప్రమాద బీమాకైనా నష్టపరిహారానికైనా ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టే ఆధారం. ఇంటి పెద్దదిక్కు పోయిన కుటుంబానికి ఆ కాగితాలు తర్వాత చాలా అవసరం.

బిల్లు బాకీ ఉందని దేహాన్ని ఆపకూడదని కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. అయినా ఆపుతారు. అప్పుడు బిల్లు వివరంగా రాసిమ్మని, ఎందుకు ఆపుతున్నారో కూడా రాసిమ్మని అడిగితే చాలాసార్లు దారి దొరుకుతుంది. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ కేసైతే ఆరోగ్యమిత్రను వెంటపెట్టుకుని మాట్లాడండి. ప్రభుత్వాసుపత్రుల్లో పార్థివదేహం తీసుకెళ్లడానికి ఉచిత వాహనాలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో వాటి పేరు మహాప్రస్థానం. బయట ఉన్న ప్రైవేటు అంబులెన్సుల బేరం ఎంత ఘోరంగా ఉంటుందో 2022 ఏప్రిల్‌లో తిరుపతిలో లోకమంతా చూసింది. ఒక తండ్రి తన కొడుకు దేహాన్ని బైక్ మీద దాదాపు 90 కిలోమీటర్లు తీసుకెళ్లాడు. ఉచిత వాహనం ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని అడగాలో అడ్మిషన్ రోజే కనుక్కోవడం నామోషీ కాదు.

విదేశం నుంచి బిడ్డ రావాలంటే ఒకటిన్నర, రెండు రోజులు పడుతుంది. ఆసుపత్రి మార్చురీలో 4 డిగ్రీల దగ్గర ఉంచవచ్చు, ఇంటి దగ్గరైతే ఫ్రీజర్ బాక్స్ అద్దెకు తెస్తారు. కరెంటు పోతే నడిచేలా ఇన్వర్టరో జనరేటరో ఉందో లేదో చూసుకోవాలి. విమానంలో తీసుకెళ్లాలంటే బాక్స్ చాలదు. ఎంబామింగ్ (దేహం పాడవకుండా రసాయనాలు ఎక్కించడం) చేయించి, ఆ సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, పోలీసుల నో అబ్జెక్షన్ పట్టుకోవాలి.

కాగితాల్లో ముఖ్యమైనవి రెండు. ఆసుపత్రి డెత్ సమ్మరీ ఒకటి, మరణ కారణం రాసే ఫారం 4 రెండోది. ఫారం 4ను ఆసుపత్రి రిజిస్ట్రార్‌కు పంపుతుంది. జనన మరణాల చట్టానికి 2023లో వచ్చిన సవరణ ప్రకారం దాని నకలు దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాలి. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. నల్గొండ జిల్లా పల్లెటూరి మనిషి హైదరాబాద్‌లో పోతే సర్టిఫికెట్ హైదరాబాద్‌లోనే, ఊరి పంచాయతీలో కాదు. గడువు 21 రోజులు. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో సరిపోతుంది. ఆపైన ఏడాదిలోపు పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. దేహం తీసుకునే కౌంటర్ దగ్గర, కళ్లలో నీళ్లు ఆరకముందే, ఆసుపత్రి రాసిన పేరును ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూడండి. ఇంటిపేరు ముందా వెనకా, ‘లక్ష్మి’ ఒక్కటేనా ‘లక్ష్మమ్మ’నా, తండ్రి పేరా భర్త పేరా అన్నది అక్కడే దిద్దించుకోవాలి. ఈ ఒక్క అక్షరం తేడాతో పింఛను, బ్యాంకు, బీమా, భూమి పాస్‌బుక్ అన్నీ ఆగుతాయి. తర్వాత దిద్దించడం నెలల పని.

పోయినవాళ్ల ఫోన్‌ను ఆ హడావుడిలో ఎవరో జేబులో వేసుకుని మర్చిపోతారు. దాన్ని భద్రంగా పెట్టి, సిమ్ కొన్ని నెలలు రద్దు కాకుండా రీచార్జి చేయండి. ఏటా 20 రూపాయలు కోసుకునే ప్రమాద బీమా, 436 రూపాయలు కోసుకునే జీవిత బీమా వాళ్ల బ్యాంకు ఖాతాలో నడుస్తున్నాయని ఇంట్లో చాలామందికి తెలిసేది ఆ ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చూశాకే.